తర్వాతి గూఢచారి ఎవరు? బాండ్ వేటలో మన గోపీ సంగతి కూడా ఉంది

మదనపల్లె / పుంగనూరు / కుప్పం: జేమ్స్ బాండ్ వేషం ఇక ఎవరికి? 2021లో ‘నో టైమ్ టు డై’తో డేనియల్ క్రెయిగ్ తప్పుకున్నప్పటి నుంచి పత్రికలు ఈ ప్రశ్నను నములుతూనే ఉన్నాయి. కాలమ్ టర్నర్ అని ఒకరు, జేకబ్ ఎలార్డీ అని ఇంకొకరు, టామ్ హాలండ్ అని మరొకరు. వారానికో పేరు పుడుతుంది, వారానికో పేరు పోతుంది. బెట్టింగు కంపెనీలకు మాత్రం పండగే.

లండన్‌లో ఎవరో ఒక కుర్రాడు నల్లకోటు వేసుకుంటే రాయలసీమ పడమటి అంచున ఉన్న ఈ మూడు ఊళ్లకు ఏం పట్టింది అనుకోవచ్చు. పట్టింది. ఎందుకంటే ఇక్కడి ముస్లిం కుటుంబాల్లో జాసూసీ సినిమా అంటే ఒక భాషతో అయ్యేది కాదు. ఇంట్లో పెద్దాయన కృష్ణ అభిమాని అయి ఉంటాడు. ఆయన బేగం గారికి జితేంద్ర సినిమాలు ఇష్టం. కొడుకులు సల్మాన్ దగ్గర మొదలై, మనవళ్లు ‘పఠాన్’ దగ్గర ఆగారు. కుప్పంలో అయితే దీనికి తమిళం, కన్నడం కూడా కలుస్తాయి. ఇన్ని భాషల గూఢచారులను చూసిన ప్రేక్షకులు దేశంలో ఎక్కువమంది ఉండరు. కాబట్టి తర్వాతి గూఢచారిగా ఎవరిని పెట్టాలి, ఎలా ఎంచుకోవాలి అన్న ప్రశ్న మీద మాట్లాడే హక్కు వీళ్లకు బాగానే ఉంది.

ముందు బాండ్ దగ్గర ఏం జరిగిందో చూద్దాం. అమెజాన్ కంపెనీ 2022లో ఎంజీఎం స్టూడియోను 845 కోట్ల డాలర్లకు కొనేసింది. అయినా బాండ్ మీద అసలు పెత్తనం బ్రాకలీ కుటుంబం చేతిలోనే ఉండేది. బార్బరా బ్రాకలీ, మైకేల్ విల్సన్ సరే అంటేనే నటుడు, కాదంటే కాదు. 2025 ఫిబ్రవరిలో ఆ పెత్తనం కూడా అమెజాన్‌కు పోయింది. మార్చిలో కొత్త నిర్మాతలుగా ఏమీ పాస్కల్, డేవిడ్ హేమన్ పేర్లు వచ్చాయి. జూన్‌లో దర్శకుడు డెనీ విల్నవ్. ఆ తర్వాత రచయిత స్టీవెన్ నైట్. ఈ వరుసను గమనించాలి. యజమాని, నిర్మాత, దర్శకుడు, రచయిత.. వీళ్లందరి పేర్లూ బయటికొచ్చేదాకా హీరో పేరు లేదు. తెలుగులో ఇది తలకిందులు. ముందు హీరో డేట్లు, ఆ తర్వాత దర్శకుడు, కథ సంగతి షూటింగుకు వారం ముందు కూడా తేలకపోవచ్చు.

బాండ్‌గా 1962 నుంచి ఆ సంస్థ సినిమాల్లో ఆరుగురు చేశారు. షాన్ కానరీ మొదలుపెట్టినప్పుడు వయసు 32. రోజర్ మూర్ 45కు వచ్చి 57 దాకా చేశారు. ఆఖర్లో ఆయన పరుగెత్తుతుంటే ప్రేక్షకులకే ఆయాసం. జార్జ్ లేజెన్‌బీది విచిత్రమైన కథ. ఆస్ట్రేలియా మోడల్, అంతకుముందు సినిమా చేసిన అనుభవం లేదు. ఉందని బొంకి లోపలికి వెళ్లాడు, 1969లో ఒక్క సినిమా చేశాడు, తనే బయటికొచ్చేశాడు. క్రెయిగ్‌ను 2005లో ప్రకటించినప్పుడైతే జుట్టు రంగు బాలేదని, ఎత్తు చాలదని, సినిమా చూడమని గోల చేశారు. తర్వాత అదే జనం పదిహేనేళ్లు ఆయన వెనకే నడిచారు. ఇదంతా ఎలా సాధ్యమైంది? పాత్ర నటుడి కంటే పెద్దది కాబట్టి. కానరీ పోయినా 007 పోలేదు. లేజెన్‌బీ కుదరకపోయినా పోలేదు.

అలాగని నటుణ్ణి మారిస్తే చాలు, పాత్ర బతుకుతుందని కాదు. బాండ్ కంటే ముందే ఫ్రాన్స్‌లో ‘ఓఎస్ఎస్ 117’ అనే గూఢచారి ఉన్నాడు. జాన్ బ్రూస్ నవలలు 1949లోనే మొదలయ్యాయి. బాండ్ తొలి నవల వచ్చింది 1953లో. సినిమాల్లో ఆ ఫ్రెంచి గూఢచారిగా కెర్విన్ మాథ్యూస్ చేశారు, తర్వాత ఫ్రెడరిక్ స్టాఫర్డ్, ఆ తర్వాత జాన్ గావిన్. మనుషులు మారుతూనే ఉన్నారు, పాత్రకు మాత్రం ఒక మొహం ఏర్పడలేదు. చివరికి 2006లో జాన్ దుజార్దాన్‌తో అదే గూఢచారిని కామెడీగా తీశారు. సినిమా బాగా ఆడింది కూడా, అది వేరే సంగతి.

ఈ ఫ్రెంచి ముచ్చట ఇక్కడ ఎందుకంటే, మన తెలుగు గూఢచారి పుట్టింది ఆ ఇంట్లోనే. 1964లో బ్యాంకాక్ నేపథ్యంలో వచ్చిన ఓఎస్ఎస్ 117 సినిమా కథే 1966లో ‘గూఢచారి 116’ అయింది. ఎం.మల్లికార్జునరావు దర్శకుడు, డూండీ నిర్మాతల్లో ఒకరు. హీరో కృష్ణ, హీరోయిన్ జయలలిత.

కృష్ణను ఎలా ఎంచుకున్నారన్నది ఇప్పటి నిర్మాతలు ఒకసారి గుర్తు చేసుకోవాల్సిన విషయం. అప్పటికి ఆయన వయసు 23. కొత్త మొహాలు కావాలని ఆదుర్తి సుబ్బారావు పత్రికల్లో ప్రకటన ఇచ్చి తీసిన ‘తేనె మనసులు’ (1965)తో పరిచయమయ్యారు. ఆ కుర్రాడు వద్దు, తీసేయండి అని కొందరు అన్నా ఆదుర్తి వినలేదు. ఆ సినిమా ఆఖర్లో కారును స్కూటర్ మీద వెంటాడి, స్కూటర్ వదిలి కారు మీదికి దూకే సన్నివేశం ఉంది. డూప్ లేకుండా కృష్ణే దూకారు. ఆ దూకుడు డూండీ కంట పడింది. గూఢచారి వేషానికి మనిషి దొరికాడనుకున్నారు. వెనక కుటుంబం లేదు, ఫ్యాన్స్ అసోసియేషన్ లేదు, చేసినవి రెండు సినిమాలు. పాత్రకు కావాల్సిన పని ఆ మనిషి చేయగలడా లేదా, అంతే చూశారు. దాంతో ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అనే పేరు ఆయనకు జీవితాంతం ఉండిపోయింది. 2022 నవంబర్ 15న ఆయన కన్నుమూసినప్పుడు కూడా పత్రికలు ఆ మాట రాశాయి.

ఇక్కడే ఒక తమాషా జరిగింది. ‘గూఢచారి 116’కు కెమెరా పట్టింది రవికాంత్ నగాయిచ్. మరుసటి ఏడు, 1967లో, అదే కథను హిందీలో ‘ఫర్జ్’ పేరుతో ఆయనే డైరెక్ట్ చేశారు. హీరో జితేంద్ర. తెలుగు గోపీ హిందీలో గోపాల్ అయ్యాడు, నంబరు మాత్రం అదే 116. సినిమా పెద్ద హిట్. 1973లో నగాయిచ్ ‘కీమత్’ తీశారు. అందులో మళ్లీ ఏజెంట్ గోపాలే, కానీ చేసింది ధర్మేంద్ర. 2025 నవంబర్‌లో చనిపోయిన ధర్మేంద్ర గురించి ‘షోలే’, ‘చుప్కే చుప్కే’ అంటూ ఎంతో రాశారు, మన 116 నంబరు ఆయన కూడా మోశారన్న సంగతి పెద్దగా ఎవరికీ గుర్తు రాలేదు. 1981లో ‘రక్షా’కు వచ్చేసరికి మళ్లీ జితేంద్రే 116.

అంటే బొంబాయిలో నంబరు నిలిచింది, మనిషి మారాడు. మద్రాసులో తీసిన తెలుగు సినిమాల్లో సరిగ్గా దీనికి ఎదురు. మనిషి నిలిచాడు, నంబరు మారింది. 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపీ’, 1981లో ‘రహస్య గూఢచారి’, 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో ‘గూఢచారి 117’. అన్నిటిలోనూ కృష్ణే. 116ను ఇంకొకరికి ఇద్దామన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. ఎందుకు రాలేదంటే, జనం టిక్కెట్టు కొన్నది గోపీ కోసం కాదు, కృష్ణ కోసం. హీరోకు వయసు రాగానే గూఢచారికీ వయసు వచ్చేసింది. ఇద్దరూ కలిసే రిటైర్ అయ్యారు.

ఇది ఒక్క తెలుగు జబ్బు కాదు. కుప్పం నుంచి ఒక పక్కకు నడిస్తే కర్ణాటక, ఇంకో పక్కకు నడిస్తే తమిళనాడు. కన్నడంలో రాజ్‌కుమార్ గారు సీఐడీ 999గా 1968లో ‘జేడర బలె’, ‘గోవాదల్లి సీఐడీ 999’ చేశారు, మరుసటి ఏడు ‘ఆపరేషన్ జాక్‌పాట్‌నల్లి సీఐడీ 999’, 1978లో ‘ఆపరేషన్ డైమండ్ రాకెట్’. దొరై-భగవాన్ జంట తీసిన ఈ నాలుగు సినిమాల తర్వాత 999ను ఎవరూ ముట్టుకోలేదు. తమిళంలో జైశంకర్‌కు ‘దక్షిణాది జేమ్స్ బాండ్’ అని పేరు. ఆయన తర్వాత ఆ కుర్చీ ఖాళీ. మూడు భాషలు, ముగ్గురు బాండ్లు, ఒక్కరికీ వారసుడు లేడు.

తెలుగులో ఆ గొలుసు తెగి దాదాపు 30 ఏళ్ల తర్వాత 2018 ఆగస్టు 3న ‘గూఢచారి’ వచ్చింది. శశికిరణ్ తిక్క దర్శకుడు, అడివి శేష్ హీరో, హీరో పేరు మళ్లీ గోపీ. ఇక్కడ హీరోను ఎవరూ ఎంచుకోలేదు. కథ రాసింది శేషే, తన కొలతలకు తనే కుట్టించుకున్నారు. చిన్న బడ్జెట్ సినిమా, బాగా ఆడింది. అందులో కుట్ర వెనక ఉన్న అసలు మనిషి హీరోకు బయటివాడు కాదు, సొంతవాడే. హీరోకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఒక అధికారి పేరు నాదియా ఖురేషి, సుప్రియ యార్లగడ్డ చేశారు. ఒక ముస్లిం పేరున్న ఆఫీసర్, ఆమె మతం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఆమె విధేయతకు ఎవరూ పరీక్ష పెట్టరు. ఆమె ఉద్యోగం ఆమె చేసుకుపోతుంది. ఇంత చిన్న విషయాన్ని మెచ్చుకోవాల్సి రావడమే కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ, మెచ్చుకోవాల్సిందే. దీనికి రెండో భాగం ‘జీ2’ పనులు వినయ్‌కుమార్ సిరిగినీడి చేతిలోకి వెళ్లాయి. దర్శకుడు మారాడు, గోపీ మారలేదు.

మిగతా ప్రయత్నాల సంగతి త్వరగా చెప్పేయొచ్చు. 2017లో ‘స్పైడర్’తో మహేశ్ బాబు, 2019లో ‘చాణక్య’తో గోపీచంద్, 2023లో ‘ఏజెంట్’తో అఖిల్, అదే ఏడు ‘స్పై’తో నిఖిల్. ఏదీ రెండో భాగం దాకా పోలేదు. ‘ఏజెంట్’లో రా అధికారిగా మమ్ముట్టి అంతటి నటుడు ఉన్నా సినిమా నిలబడలేదు. 2025 ఆగస్టు 14న వచ్చిన ‘వార్ 2’తో జూనియర్ ఎన్టీఆర్ హిందీ గూఢచారుల పంక్తిలో కూర్చున్నారు, అదీ ఆశించినంత ఆడలేదు. వీటన్నిటిలో ముందు హీరో ఉన్నాడు, తర్వాత తుపాకీ వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. ఆ గూఢచారి ఎక్కడ పుట్టాడు, ఇంట్లో ఏం తింటాడు, దేనికి భయపడతాడు, ఎవరితో అబద్ధం చెప్పలేడు అంటే సినిమా చూసినవాళ్లు కూడా తడుముకుంటారు.

మనిషి ఎలా ఉండాలో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ సిరీస్ తీసిన రాజ్, డీకేల్లో రాజ్ నిడిమోరుది తిరుపతి, డీకేది చిత్తూరు. ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఉమ్మడి చిత్తూరు జిల్లా ఊళ్లే కదా, ఆ లెక్కన ఇంటి పిల్లలే. వాళ్లు రాసిన గూఢచారి శ్రీకాంత్ తివారీ ఈఎంఐలు కట్టలేక తల పట్టుకుంటాడు, పిల్లల స్కూలు నుంచి ఫోన్ వస్తే వణుకుతాడు. 2019లో మొదటి సీజన్ వచ్చేనాటికి మనోజ్ బాజ్‌పాయీ వయసు 50. కండలు లేవు, కోటు లేదు. ముందు పాత్ర రాసుకున్నారు, ఆ పాత్రలో పట్టే నటుణ్ణి పెట్టుకున్నారు. మూడు సీజన్లు వచ్చాయి.

అందులో ముస్లిం ప్రేక్షకుల గుండెల్లో నిలిచిపోయిన కథ కరీంది. కాలేజీ కుర్రాడు. నిరసన ఒకటి చేయాలనుకుంటాడు. అధికారులు వాణ్ణి ఉగ్రవాది అనుకుంటారు, తూటా పేలుతుంది. నిరపరాధి అని తేలేసరికి ప్రాణం లేదు. ఆ తప్పు శ్రీకాంత్‌ను వదలదు, కథ కూడా దాన్ని వదిలేసి ముందుకు పోదు. అదే సీజన్‌లో కన్నడ నటుడు కిశోర్ చేసిన ఇమ్రాన్ పాషా అనే కమాండో అధికారి కూడా ఉన్నాడు. ఒకే కథలో ముస్లిం అధికారి, ముస్లిం నిందితుడు, ముస్లిం నిరపరాధి, ముస్లిం ఉగ్రవాది అందరూ ఉన్నారు. నిజ జీవితంలో ఏ సముదాయంలోనైనా ఉండేది ఇంతే. అభ్యంతరం ఎప్పుడూ ముస్లిం విలన్ ఉన్నందుకు కాదు. విలన్ తప్ప ఇంకెవరూ లేనందుకు.

ఇప్పుడు పేర్ల సంగతికి వద్దాం, ఇది అసలైన చోటు. హిందీ జాసూసీ సినిమాలను ఇన్నేళ్లు భుజాల మీద మోసింది ఎవరు? సల్మాన్ ఖాన్ 2012, 2017, 2023లో మూడు సార్లు టైగర్. షారుఖ్ ఖాన్ 2023 జనవరిలో పఠాన్. సైఫ్ అలీ ఖాన్ ‘ఏజెంట్ వినోద్’. దేశం కోసం తెరమీద అత్యధికంగా తన్నులు తిన్న గూఢచారులు ఖాన్‌లే. ‘పఠాన్’ను బహిష్కరించాలని పిలుపులిచ్చినా ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లు దాటింది. టిక్కెట్టు కొన్న వెయ్యి కోట్లలో హిందువుల డబ్బు ఎంత, ముస్లింల డబ్బు ఎంత అని ఎవరూ లెక్కపెట్టలేదు, పెట్టలేరు కూడా.

కానీ టైగర్ అసలు పేరేంటి? అవినాశ్ సింగ్ రాథోడ్. పఠాన్‌కు పుట్టుకతో వచ్చిన పేరే లేదు. వాణ్ణి పసిబిడ్డగా సినిమా హాల్లో వదిలేశారు, ఆ పేరు ఒక అఫ్ఘాన్ గ్రామం ప్రేమతో ఇచ్చింది. నటుడికి వేషం దొరికింది, వేషానికి మాత్రం ఆ నటుడి ఇంటి పేరు దొరకలేదు. 2019 నాటి ‘వార్’లో ఖాలిద్ రహ్మానీ అనే యువ అధికారి ఉన్నాడు. తండ్రి గద్దార్, కాబట్టి కొడుకు తన వఫాదారీ నిరూపించుకోవాలి. సగం సినిమా ఆ పరీక్షతోనే పోతుంది. తీరా చూస్తే అసలు ఖాలిద్ చచ్చిపోయాడు, ఆ మొహంతో తిరుగుతున్నది ఇంకొకడు. పాపం, పరీక్ష రాసి పాసయ్యాక కూడా ఖాలిద్‌కు సర్టిఫికెట్టు అందలేదు.

2025 డిసెంబర్‌లో వచ్చిన ‘ధురంధర్’ ఈ లెక్కను ఇంకో మలుపు తిప్పింది. రణ్‌వీర్ సింగ్ చేసిన భారతీయ గూఢచారి కరాచీలోని లియారీలో హంజా అనే పేరుతో తిరుగుతాడు. ముస్లిం పేరు అక్కడ తొడుక్కునే కోటు, పని అయ్యాక విప్పేసేది. సినిమా మన దగ్గర విపరీతంగా ఆడింది, గల్ఫ్ దేశాల్లో విడుదలే కాలేదు. ఈ ప్రాంతం నుంచి కువైట్, సౌదీ పోయి పనిచేసుకుంటున్న వాళ్లు లెక్కలేనంతమంది. ఇక్కడ తమ్ముడు చూసి వచ్చిన సినిమా, అక్కడ అన్నకు హాల్లో దొరకదు. ఇద్దరూ వీడియో కాల్‌లో ఆ సినిమా గురించి వాదించుకునే పరిస్థితి కూడా లేదు.

ముస్లిం పేరును పుట్టుకతోనే పెట్టుకున్న గూఢచారులు లేకపోలేదు. 2018లో మేఘనా గుల్జార్ తీసిన ‘రాజీ’లో ఆలియా భట్ చేసిన సెహ్‌మత్ కశ్మీరీ ముస్లిం అమ్మాయి. పాకిస్తాన్ సైనిక కుటుంబంలోకి కోడలిగా వెళ్లి, వాళ్ల రహస్యాలు మనకు చేరవేస్తుంది. ఆ అత్తగారింటి వాళ్లను దుర్మార్గులుగా చూపలేదు, అందుకే ఆమె చేసిన పని చూసేవాళ్ల గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ సినిమా వంద కోట్లు దాటింది. కాబట్టి ముస్లిం పేరు పెడితే జనం చూడరన్న వాదన ఇక చెల్లదు.

ఇంకో ఉదాహరణ ఇంత తేలిగ్గా మింగుడు పడేది కాదు. 2013 జనవరిలో కమల్ హాసన్ ‘విశ్వరూపం’. అందులో రా ఏజెంట్ విసామ్ అహ్మద్ కశ్మీరీ, నమాజు చదివే ముస్లిం. దక్షిణాదిలో ఒక పెద్ద హీరో అలాంటి గూఢచారిగా కనిపించడమే అరుదు. అయినా తమిళనాడులో ముస్లిం సంఘాలు అభ్యంతరం చెప్పాయి, ప్రభుత్వం 15 రోజులు ఆపేసింది. కొన్ని దృశ్యాలు తీసేశాక విడుదలైంది. హీరో మంచి ముస్లిం అయితే సరిపోతుందా, చుట్టూ ఉన్న ప్రతి గడ్డం వెనకా బాంబు చూపిస్తే ఎలా అన్నది వాళ్ల బాధ. ఆ బాధ నిజమే. సినిమాను ఆపించడం వల్ల ఆ బాధ ఎవరికీ అర్థం కాలేదన్నదీ నిజమే. మాట్లాడాల్సిన చోట తలుపు మూసేస్తే, చర్చ అంతా తలుపు మీదికే పోతుంది.

బాండ్ సినిమాల్లోనూ ముస్లిం పేరు రాజకీయాన్ని బట్టి అటూ ఇటూ ఊగింది. 1983లో ఉదయ్‌పూర్‌లో తీసిన ‘ఆక్టోపసీ’లో విలన్ కమాల్ ఖాన్ ఒక అఫ్ఘాన్ రాజవంశీకుడు, చేసింది ఫ్రెంచి నటుడు లూయీ జోర్డాన్. మన కబీర్ బేడీకి దక్కింది ఆ విలన్ అనుచరుడి వేషం. నాలుగేళ్లు తిరిగేసరికి, 1987 నాటి ‘ది లివింగ్ డేలైట్స్’లో అఫ్ఘాన్ ముజాహిదీన్ నాయకుడు కమ్రాన్ షా బాండ్‌కు ప్రాణ స్నేహితుడు. అప్పుడు అక్కడ సోవియట్ సైన్యంతో యుద్ధం నడుస్తోంది, పాశ్చాత్య దేశాలకు ఆ గడ్డాలు ముద్దొచ్చాయి. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. ఒక సముదాయం మంచిదో చెడ్డదో తెరమీద తేల్చేది ఆ సముదాయం కాదు, ఆ రోజు పేపర్ హెడ్‌లైన్.

అందుకే రిజ్ అహ్మద్ చేసిన పని చెప్పుకోదగ్గది. పాకిస్తానీ మూలాలున్న బ్రిటిష్ నటుడాయన. ‘బెయిట్’ అనే సిరీస్ తనే తయారుచేసుకున్నారు. అందులో షా లతీఫ్ అనే అవకాశాల్లేని నటుడు జేమ్స్ బాండ్ ఆడిషన్‌కు వెళ్తాడు. ఇక ఇంట్లోవాళ్లు, పాత స్నేహితురాలు, లోకమంతా ఈ మనిషి ఆ వేషానికి తగునా తగడా అని తీర్పు చెప్పడం మొదలుపెడతారు. తమాషా ఏమిటంటే అది వచ్చింది ఎక్కడ? బాండ్‌ను చేతిలో పెట్టుకున్న అమెజాన్ ప్రైమ్‌లోనే. అసలు వేషం ఇచ్చేలోపు, ఆ వేషం అడగడం గురించి ఒక కామెడీ ఇచ్చారు.

మరి తెలుగులో తర్వాతి గూఢచారిని ఎంచుకోవాల్సి వస్తే చూడాల్సింది ఏమిటి? వయసు ఒకటి. ఒక్కో పెద్ద సినిమాకు మూడేళ్లు పడుతున్న రోజులివి. నాలుగు సినిమాలు చేయాలంటే పన్నెండేళ్లు. 45 ఏళ్ల స్టార్‌ను పెడితే 57కు తేలతాడు, అది రోజర్ మూర్ లెక్క. 30 చుట్టుపక్కల ఉన్నవాణ్ణి పెట్టాలి, అంటే స్టార్ కానివాణ్ణి పెట్టాలి. 1966లో డూండీ చేసింది అదే.

రెండోది భాష. గూఢచారికి తుపాకీ కంటే ముందు కావాల్సిన పనిముట్టు నాలుక. మన సినిమాల్లో ముస్లిం పాత్ర అనగానే పాతబస్తీ యాసలో ‘క్యా భాయ్’ అని నవ్వించేవాడే. కుప్పంలో ఒక ముస్లిం కుర్రాణ్ణి తీసుకోండి. ఇంట్లో దక్కనీ, వీధిలో సీమ తెలుగు, సంతలో తమిళం, బెంగళూరు రైలెక్కితే కన్నడం, మదరసాలో నాలుగు ముక్కలు అరబీ, స్కూల్లో ఇంగ్లీషు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకేటప్పుడు మనిషే మారిపోయినట్టుంటాడు. పుంగనూరులో టీ అంగడి దగ్గర తెలుగులో బేరమాడే మనిషి, ఫోన్ రాగానే అమ్మీతో మాట్లాడే తీరు వేరు. ఇదేదో గొప్ప శిక్షణ కాదు, వాళ్ల రోజువారీ బతుకు. ఏ గూఢచార సంస్థ అయినా ఇలాంటి మనిషి కోసం వెతుక్కుంటుంది. తెలుగు రచయితలు మాత్రం ఇంతవరకు ఇటువైపు చూడలేదు. గోపీ పక్కన అలాంటి ఒక మనిషిని పెట్టినా చాలు, హీరోగానే పెట్టాలని ఎవరూ పట్టుబట్టడం లేదు. పెడితే కాదనేవాళ్లూ లేరు.

మూడోది, పాత్ర ఎవరి సొత్తు అన్నది. బాండ్ అరవై ఏళ్లు బతికింది ఒక కుటుంబం దాన్ని నటుడి చేతికి వదలకుండా కాపాడుకుంది కాబట్టి. తెలుగులో 116 నంబరుకు అలాంటి కాపలా లేకపోయింది. అడివి శేష్ గోపీని బాగా రాసుకున్నారు, సందేహం లేదు. 1984లో పుట్టిన ఆయన ఇంకొన్నేళ్లు ఆ వేషం మోయగలరు. ఆ తర్వాత దాన్ని ఇంకో కుర్రాడికి అప్పగిస్తారా, కృష్ణ గారి 116లాగా తనతోనే ముగిస్తారా అన్నదే తేలాలి. అప్పగిస్తే తెలుగులో అది మొదటిసారి అవుతుంది.

కుర్రాడే ఎందుకు, అమ్మాయి ఎందుకు కాకూడదు అనేవాళ్లకు ఒక పేరు సిద్ధంగా ఉంది, అది కల్పిత పేరు కాదు. నూర్ ఇనాయత్ ఖాన్. 1914లో మాస్కోలో పుట్టింది. తండ్రి సూఫీ గురువు హజ్రత్ ఇనాయత్ ఖాన్, తల్లి అమెరికన్. తండ్రి వైపు నుంచి ఆమె టిప్పు సుల్తాన్ సంతతి. టిప్పు తల్లి ఫక్రున్నిసా కడప కోట అధికారి కూతురు. మదనపల్లెకు దగ్గర్లోని గుర్రంకొండలో హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ మక్బరా ఇప్పటికీ ఉంది. అంటే చుట్టరికం మరీ దూరం కాదు.

పిల్లల కథలు రాసుకునే నెమ్మదస్తురాలు, అబద్ధం చెప్పడం రాదు, ఈమె గూఢచారిగా పనికిరాదని శిక్షణ ఇచ్చినవాళ్లలో కొందరు అనుకున్నారు. 1943 జూన్‌లో బ్రిటిష్ సంస్థ ఎస్ఓఈ ఆమెను నాజీల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌కు పంపింది. అలా వెళ్లిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. తోటివాళ్లు ఒక్కొక్కరే దొరికిపోతుంటే వెనక్కి రమ్మన్నా రాలేదు. పారిస్‌లో ఇళ్లు మారుతూ, వైర్‌లెస్ పెట్టె మోసుకుంటూ నెలల తరబడి సందేశాలు పంపింది. అక్టోబర్‌లో ఎవరో పట్టించారు. తప్పించుకోవాలని చూసింది, కుదరలేదు, సంకెళ్లు వేశారు. 1944 సెప్టెంబర్ 13న డాఖావ్ శిబిరంలో కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు 30. బ్రిటన్ 1949లో జార్జ్ క్రాస్ ఇచ్చింది, 2012లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టింది. 2019 నాటి ఇంగ్లీషు సినిమా ‘ఎ కాల్ టు స్పై’లో నూర్‌గా రాధికా ఆప్టే చేశారు. తెలుగులో ఆ వేషం ఇంకా ఎవరూ రాయలేదు, కాబట్టి దానికి ఇంకా ఆడిషన్ జరగలేదు.